క్రికెట్ వేలములో వెల, ఆటలో విలువ

పులివెందుల మార్కెట్ యార్డులో చీనీకాయల వేలము చూచినవారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాయ రుచి నిన్నటికిని నేటికిని మారదు. ధర మాత్రము మారును. ఆనాడు ఎందరు వ్యాపారులు వచ్చిరి, ఎవరి చేతిలో ఎంత పైకము మిగిలినది, ఏ నగరమునుండి ఎంత గిరాకి వచ్చినది అను విషయములే ధరను తేల్చును. క్రికెట్ ఆటగాండ్రను వేలములో కొనుట కూడ ఇంచుమించు ఇట్టిదే. అయినను ఆ వేలము ముగిసిన మరునాడు మనము ధరను చూచి మనిషి విలువను లెక్కగట్టుచుందుము.

2025 నవంబరు 27వ తేదీన ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ వేలము జరిగినది. అందు మన కడప జిల్లా క్రీడాకారిణి నల్లపురెడ్డి శ్రీచరణిని ఢిల్లీ క్యాపిటల్స్ జట్టువారు 1 కోటి 30 లక్షల రూపాయలకు కొనిరి. ఆమె స్వగ్రామము వీరపునాయునిపల్లె మండలమందలి ఎర్రమల్లె. ప్రొద్దుటూరునుండి ఎర్రగుంట్ల మీదుగా వేంపల్లెకును, అటనుండి పులివెందులకును పోవువారికి ఆ మండలము దారిలోనిదే. కనుక ఈ వార్త మన ప్రాంతమున ఇంటింటను చర్చకు వచ్చినది. ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో 14 వికెట్లు తీసిన పిల్లకు ఇంతేనా అని కొందరును, బంతి విసరుటకు ఇంత ధనమా అని కొందరును ప్రశ్నించిరి. రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటే. ఆ 1 కోటి 30 లక్షలు ఆమె విలువ కాదు; ఆ సాయంకాలము ఆ గదిలో నిలిచిన ధర మాత్రమే.

ఈ వేలము నడచు తీరు తెలిసినగాని ఆ మాట బోధపడదు. ప్రతి జట్టునకును ఆటగాండ్రమీద ఖర్చు చేయుటకు ఒక హద్దు విధింపబడినది. 2026 సంవత్సరపు మహిళల పోటీలకు అది జట్టునకు 15 కోట్లు. వేలమునకు ముందుగా ప్రతి జట్టును తన పాతవారిలో ఐదుగురివరకు అట్టిపెట్టుకొనవచ్చును. అట్లు నిలుపుకొన్న కొలది చేతిలోని పైకము తరుగును. ఢిల్లీవారు ఐదుగురిని నిలుపుకొనిరి. ఆ ఐదుగురిలో శ్రీచరణి లేదు. అంతయు పోగా వారి చేతిలో మిగిలినది 5 కోట్ల 70 లక్షలు మాత్రమే. దానితోనే మిగిలిన జట్టునంతయు కూర్చుకొనవలెను. అందులో నాలుగవ పాలుకు కొంచెము తక్కువగా ఒక్క శ్రీచరణికే వారు వెచ్చించిరి. లక్షలలో చూచినపుడు చిన్నదిగా కనిపించు అంకె, ఉన్న పైకములో పాలుగా చూచినపుడు పెద్దదగుచున్నది.

ఆ వేలములో ఇంకను వింతలు జరిగినవి. ఆస్ట్రేలియా నాయకురాలు అలిస్సా హీలీ పేరు మొట్టమొదట పిలువబడినది. ఎవరును చేయి ఎత్తలేదు. ప్రపంచ కప్పులో 571 పరుగులతో అందరికంటె మిన్నగా నిలిచిన దక్షిణాఫ్రికా నాయకురాలు లారా వోల్వార్ట్‌ను ఢిల్లీవారే 1 కోటి 10 లక్షలకు కొనిరి. అనగా వేలపు లెక్కలో ఆమెకంటె మన జిల్లా అమ్మాయికి 20 లక్షలు ఎక్కువ. ఇందువలన శ్రీచరణి వోల్వార్ట్‌కంటె గొప్ప క్రీడాకారిణి అని నేను గాని, శ్రీచరణి గాని అనబోము.

దీప్తి శర్మ సంగతి మరింత బోధకరమైనది. ఆమె ఆ ప్రపంచ కప్పులో 22 వికెట్లు తీసి, టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది. ఆమె కనీస ధర 50 లక్షలు. ఢిల్లీవారు ఆ 50 లక్షలకు చేయి ఎత్తిరి. తక్కినవారు మౌనముగా ఉండిరి! ఆమె ఆటను శంకించి కాదు. ఆమె పాత జట్టగు యూపీ వారియర్జ్ చేతిలో ఆనాడు అందరికంటె ఎక్కువగా 14 కోట్ల 50 లక్షలు ఉన్నవి. పైగా, ఇతరులు పాడిన ధరను తామే ఇచ్చి తమ పాత క్రీడాకారిణిని తిరిగి తీసుకొను హక్కు వారికి ఉన్నది. రైట్ టు మ్యాచ్ అని దానికి పేరు. ఎంత పాడినను ఆమెను వారే తీసుకొందురని తెలిసి, తక్కినవారు పాటలో దిగలేదు. యూపీవారు హక్కు వినియోగింపగా, నియమము ననుసరించి ఢిల్లీవారికి ధర పెంచుటకు మరొక్క అవకాశము వచ్చినది. వారు ఒక్కుమ్మడిగా 3 కోట్ల 20 లక్షలనిరి. యూపీవారు సరే ననిరి. అదే ఆనాటి అత్యధిక ధర. ప్రత్యర్థి పైకమును తగ్గించుటకు వేసిన ఎత్తుగా నేను దానిని భావించుచున్నాను. ఆ ఎత్తు వేయకున్నచో, దేశమున కంతటికిని ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకొన్న ఆమె 50 లక్షలకే పోయియుండెడిది. ఐదుగురిని నిలుపుకొన్న ఢిల్లీవారికి ఈ హక్కు లేదు. కావున శ్రీచరణికొరకు వారు బహిరంగముగా పాడవలసివచ్చినది. 30 లక్షల కనీస ధరనుండి 1 కోటి 30 లక్షలవరకు పోయినది.

ఒక సంవత్సరము వెనుకకు పోయి చూతము. 2024 డిసెంబరు 15న బెంగళూరులో జరిగిన వేలములో ఇదే ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు కొన్నది. అప్పటికి ఆమె భారతదేశము పక్షమున ఒక్క పోటీయైనను ఆడలేదు. ఆమె కనీస ధర 10 లక్షలు. తరువాతి ఏప్రిల్‌లో కొలంబోలో ఒకదిన పోటీలలో ప్రవేశించినది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తన తొలి ఇరువది ఓవర్ల అంతర్జాతీయ పోటీలో 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసినది. నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాపై 52 పరుగులతో గెలిచిన ప్రపంచ విజేతల జట్టులో నిలిచినది. ఈ గెలుపునకు మన రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు 2 కోట్ల 50 లక్షల నగదును, కడపలో ఇంటి స్థలమును, గ్రూపు-1 స్థాయి ఉద్యోగమును ప్రకటించినది. అనగా ప్రభుత్వ బహుమానపు నగదే వేలపు ధరకు ఇంచుమించు రెట్టింపు! ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూచినచో, వేలపు ధరను మనిషికి కొలబద్దగా చూచుటలోని పొరపాటు స్పష్టమగును.

పురుషుల పోటీలలో కూడ ఇదే కథ, అంకెలు మాత్రము పెద్దవి. 2024 నవంబరులో జెడ్డా నగరమున జరిగిన వేలమునకు ఒక్కొక్క జట్టు హద్దు 120 కోట్లు. మహిళల జట్టునకు దానిలో ఎనిమిదవ వంతు. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాదు జట్టు 2023లో 20 లక్షలకు తీసుకొని, 2025 సంవత్సరమునకు 6 కోట్లకు అట్టిపెట్టుకొన్నది. అతనిది వేలము లేకుండ పెరిగిన ధర. దీనికి భిన్నముగా, రాయచోటి ప్రాంతపు హరిశంకర్ రెడ్డిని 2021లో చెన్నై జట్టు 20 లక్షలకు కొన్నది. ఆ సంవత్సరము అతనికి ఒక్క పోటీలోను ఆడు అవకాశము రాలేదు. ధర ఒకటే, 20 లక్షలు. ఒకరి కది గడప, మరొకరి కది గోడ. కుమారుని క్రికెట్ శిక్షణకు పంపుచు వేలపు అంకెలను చూచి మురియు తండ్రులు ఈ రెండు కథలను కలిపి చదువవలెను.

ఇంతకును ఈ ఒప్పందములో ఆటగాని మాటకు చోటెక్కడ? తన పేరిచ్చుట, కనీస ధర చెప్పుట – అంతే. ఏ ఊరికి ఆడవలయునో, ఏ నాయకుని క్రింద ఆడవలయునో ఎన్నుకొను హక్కు వేలములో నిలిచినవానికి లేదు. అమెరికా దేశపు బేస్‌బాల్ చరిత్రలో ఇట్టి తగవే చాలకాలము నడచినది. అచట పూర్వము ఒక జట్టుతో సంతకము చేసినవాడు, ఆ జట్టు విడిచినగాని మరొక జట్టునకు పోరాదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అను ఆటగానిని సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకు మార్చివేసినది. నేను సరకును కానని అతడు ఎదిరించి న్యాయస్థానమునకు పోయెను. 1972లో సుప్రీం కోర్టు ఐదుగురికి ముగ్గురు న్యాయమూర్తుల తేడాతో అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. అతని ఆటయు అంతటితో పోయినది. కాని 1975 డిసెంబరులో మరి ఇద్దరు ఆటగాండ్ర విషయమున మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగినది. ఇప్పుడు ఆరు సంవత్సరముల సేవ నిండినవాడు తనకు నచ్చిన జట్టుతో స్వయముగా బేరమాడుకొనవచ్చును. 2023 డిసెంబరులో షోహే ఒహ్తానీ అను జపానువాడు లాస్ ఏంజిల్స్ జట్టుతో పది సంవత్సరములకు 70 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. అందులో 68 కోట్లను తరువాతి కాలమునకు వాయిదా వేయుటకు తానే ఒప్పుకొనెను, జట్టు మంచి సహచరులను కొనుటకు వీలుగా ఉండునని. బేరములో ఆటగాని వివేకమునకు కూడ చోటు దొరికినపుడు ఇట్టి ఏర్పాటులు సాధ్యపడును. మన వేలము బహిరంగమైనది, అందులో రహస్యము తక్కువ, ఆ మేలును నేను కాదనను. అయినను కొన్ని సంవత్సరములు ఆడినవారికైనను ఎన్నుకొను హక్కు ఇచ్చుట న్యాయమని నా అభిప్రాయము.

ఇక ప్లే ఆఫ్ పోటీల సంగతి. అభిమానులకు ఎక్కువ కోపము వచ్చునది ఇచటనే. లీగ్ దశలో రెండు మాసములు ఆడి మొదటి స్థానము తెచ్చుకొన్న జట్టు ఒక్క రాత్రి తడబడి కప్పును పోగొట్టుకొనుట న్యాయమా అని అడుగుదురు. మొదట ఏర్పాటు ఎట్టిదో చూతము. పురుషుల పోటీలలో 2008 మొదలు 2010 వరకు నాలుగు జట్లకు సెమీఫైనళ్లు ఉండెడివి. 2011నుండి మొదటి రెండు స్థానములవారు ఒకరితో ఒకరు ఆడుదురు. గెలిచినవారు నేరుగా ఫైనలుకు పోదురు, ఓడినవారికి ఇంకొక అవకాశముండును. మూడు, నాలుగు స్థానములవారు మాత్రము ఒక్క పర్యాయము ఓడిన ఇంటికి పోవలసినదే. ఈ మార్పు మంచిదని నేననుకొందును. పట్టికలో పైన నిలిచినవారికి దానివలన ఒక ఓటమిని తట్టుకొను వెసులుబాటు దొరికినది.

మన తెలుగు అభిమానులు ఈ విషయమున మరీ గట్టిగా మాటాడరాదు. ఏలయనగా, హైదరాబాదునకు వచ్చిన రెండు కప్పులును క్రింది మెట్టునుండి ఎక్కి తెచ్చుకొన్నవే! 2009లో డెక్కన్ చార్జర్స్ 14 పోటీలలో 7 గెలిచి, 7 ఓడి, నాలుగవ స్థానముతో సెమీఫైనలుకు చేరినది. అందు పట్టికలో మొదటిదైన ఢిల్లీని గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులతో చిత్తు చేసెను. జొహానెస్‌బర్గ్‌లో ఫైనలున బెంగళూరుపై గెలుపు 6 పరుగులతో. 2016లో సన్‌రైజర్స్ మూడవ స్థానముననుండి ఎలిమినేటరు, రెండవ క్వాలిఫయరు దాటి, మరల బెంగళూరుపైననే 8 పరుగులతో గెలిచినది. 2018లో పట్టికలో మొదట నిలిచి ఫైనలున చెన్నై చేత ఓడినాము. అన్యాయమని అప్పుడు చాలమంది వాపోయిరి. కాని ఆ సంవత్సరము చెన్నైతో నాలుగు పర్యాయములు తలపడి నాలుగింటను ఓడిన జట్టునకు అన్యాయము జరిగినదనుట ఎట్లు? 2024లో 287 పరుగుల కొండను కట్టిన జట్టే ఫైనలున 113కు కుప్పకూలినది. అచటను ఓడించినది ఆ ఏడు మనల నంతకు ముందే రెండుమారులు ఓడించిన కలకత్తాయే.

నిజముగా జాలిపడవలసిన జట్టు ఢిల్లీ మహిళలది. వారి పోటీలలో పట్టికలో మొదటివారు తిన్నగా ఫైనలుకు పోదురు. రెండు, మూడు స్థానములవారు తమలో తాము తేల్చుకొందురు. 2023, 2024, 2025 – ఈ మూడు సంవత్సరములును ఢిల్లీయే పట్టికలో మొదట నిలిచినది. మూడు ఫైనళ్లును ఓడినది, ముంబైతో రెండు, బెంగళూరుతో ఒకటి. మూడవదానిలో 8 పరుగుల తేడా. ఆ ఫైనలులో శ్రీచరణి కూడ ఆడినది.

అమెరికావారు ఈ చిక్కును గ్రహించి ఒక్క రాత్రికి కప్పును వదలిపెట్టరు. వారి జట్లు ఒక్కొక్కటి 162 పోటీలాడును. తరువాత ఆఖరి మెట్టున ఏడు పోటీలలో నాలుగు గెలిచినవారే విజేతలు. నవీ ముంబైలో మన అమ్మాయిలు కప్పు గెలిచిన నవంబరు 2వ తేదీననే, మనకు ఉదయమైన వేళ, టొరంటోలో ఆ ఏడవ పోటీ పదకొండు ఇన్నింగ్సులు సాగి లాస్ ఏంజిల్స్ గెలుపుతో ముగిసినది. అయినను అట్టి ఏర్పాటు కూడ పట్టికను పూర్తిగా కాపాడలేదు. 2001లో 116 పోటీలు గెలిచిన సియాటెల్ జట్టు ఆఖరి మెట్టువరకైనను చేరలేకపోయినది. క్రికెట్‌లో ఏడు పోటీల ఫైనలు పెట్టుటకు దినములు చాలవు. మూడు పోటీల ఫైనలైనను పెట్టవచ్చునుగదా అని నాకు తోచుచుండును.

ఒక్క రాత్రి ఫలితము అదృష్టముతో ముడిపడుటచేతనే పందెగాండ్రకు అది ప్రియమగుచున్నది. బంగారు అంగళ్లకు పేరుమోసిన ప్రొద్దుటూరు, వేసవిలో ఐ.పి.ఎల్. వచ్చినదనగనే పందెముల కేసులతో పత్రికల కెక్కుట మనకందరకు తెలిసినదే. జమ్మలమడుగు, పులివెందులలకు ఆ గాలి సోకలేదనుట కష్టము. 1974నాటి రాష్ట్ర చట్టము జూదమును నిషేధించినది. 2020లో దానిని ఆన్‌లైను ఆటలకును వర్తింపజేసిరి. 2025 ఆగస్టులో కేంద్రమును డబ్బుపెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసినది. చట్టము మాట అటుంచి లెక్కనే చూడుడు. మూడేండ్లు పట్టికలో మొదట నిలిచిన జట్టు మూడు ఫైనళ్లు ఓడిన ఆటలో, ఏ తెలివి చూచుకొని ఇల్లాలి మెడలోని గొలుసు కుదువబెట్టుట? పందెపు జాడ్యము జట్టు యాజమాన్యములవరకు ప్రాకినందుననే 2015 జూలైలో జస్టిస్ లోధా సంఘము చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేండ్లు వెలివేసినది.

మిగిలినది నాయకుల సంగతి. బేస్‌బాల్‌లో మేనేజరు బయట బల్లమీద కూర్చుండి, ఎవరు బంతి విసరవలెనో, ఎవరిని ఎప్పుడు మార్చవలెనో తేల్చును. క్రికెట్‌లో ఆ పని మైదానములోని కెప్టెను చేయును. శిక్షకుడు వెనుకనుండి సలహా చెప్పును. కావున మనవారి అభిశంసనము కెప్టెను తలపైననే పడును. ఢిల్లీ మహిళలను మూడేండ్లు పట్టికలో మొదట నిలిపిన మెగ్ లానింగ్‌ను 2026 సంవత్సరమునకు ఆ జట్టు అట్టిపెట్టుకొనలేదు. ఆమెను యూపీవారు 1 కోటి 90 లక్షలకు తీసుకొనిరి. ఢిల్లీ పగ్గములు జెమీమా రోడ్రిగ్స్ చేతికి వచ్చినవి. జెమీమా యోగ్యతను నేను ప్రశ్నింపను. ప్రపంచ కప్పు సెమీఫైనలులో ఆస్ట్రేలియాపై ఆమె చేసిన 127 పరుగులు విన్నవా రెవరు మరతురు? కాని మూడు రాత్రుల ఓటమి, మూడేండ్ల పట్టికకంటె బరువైనదిగా యాజమాన్యమునకు తోచియుండునా అను సందేహము మాత్రము నాకున్నది. హైదరాబాదువారును ఈ విషయమున తక్కువ తినలేదు. 2016లో 848 పరుగులు చేసి, జట్టును నడపి కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో పోటీల నడుమనే నాయకత్వమునుండి తొలగించిరి. ఆ ఏడు జట్టు అట్టడుగున నిలిచినది. నాయకుని నడుమ మార్చుటవలన బాగుపడిన జట్టును నేనంతగా చూడలేదు. దానికి బదులు 2008లో అట్టడుగున పడిన డెక్కన్ చార్జర్స్, పెద్దగా ఆటగాండ్రను మార్చకయే, గిల్‌క్రిస్ట్‌కు పగ్గములిచ్చి ఒక సంవత్సరము ఓపికపట్టినది.

శ్రీచరణి విషయమున ఇప్పుడు చూడవలసినది ధర కాదు, కొత్త నాయకురాలు ఆమెకు ఏ ఓవర్లు అప్పగించునన్నది. ఎడమచేతి స్పిన్నరు పవర్ ప్లేలో బంతి విసరుటకును, పదునేడవ ఓవరు విసరుటకును ఎంతో భేదమున్నది. మరుసటి వేలము ధర కొంతవరకు అచటనే తేలును.

ఇక పిల్లలను ఆటకు పంపు తల్లిదండ్రులకు పనికివచ్చు అంకె వేలములో లేదు, దేశవాళీ పోటీలలో ఉన్నది. వేలమున పేరు చేరువారు బహు కొద్దిమంది. రాష్ట్ర జట్టులలో ఏటేట ఆడువారు వందలమంది. మహిళల సీనియర్ దేశవాళీ పోటీలలో తుదిజట్టున ఆడినవారి దినవేతనము 20 వేలుగా ఉండెడిది. 2025 డిసెంబరులో బోర్డువారు దానిని 50 వేలకు పెంచిరి. ఆడక జట్టుతో ఉన్నవారికి అందులో సగము. అంతర్జాతీయ పోటీలలో పురుషులకును స్త్రీలకును 2022 అక్టోబరు మొదలు ఒకే రుసుము: టెస్టుకు 15 లక్షలు, ఒకదిన పోటీకి 6 లక్షలు, ఇరువది ఓవర్ల పోటీకి 3 లక్షలు. వీనికి పాటలేదు, చేతులెత్తువారు లేరు. ఎర్రమల్లె అమ్మాయి వేలపు జాబితా కెక్కుటకు ముందు కొన్నేండ్లు ఆడినవి ఆ దేశవాళీ పోటీలే. 20 వేల కాలములోనే.